ఆషాఢమాసం, తాటిదోనె, మా బావగారు

ఆ రోజుల్లో గోదావరిలో నీళ్ళకి కొదవ లేదు, నీళ్ళలో చేపలకి కొదవ లేదు, నా తీరికకైతే అసలే కొదవ లేదు. కొదవల్లా ఒక్క మనిషికి. తొంభైల చివరి సంగతి. డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందన్న నమ్మకంతో, నిడదవోలుకి కాస్త దూరంలో గోదావరి గట్టు కింద ఉన్న మా ఊళ్ళో కూర్చుని ఉండేవాణ్ణి. (అది దారిలో ఇంకెవరికో దొరికిపోయిందని చాలాకాలానికి తెలిసింది.) ఏటి మధ్య లంకలో పొలానికి దాటడానికని మా తాతగారు చేయించిన తాటిదోనె ఒకటి పశువులపాకలో బోర్లా పడుంటే, దాన్ని వెల్లకిలా తిప్పి, తారు పూసి, నదిలోకి దింపాను. ఎరగనివారి కోసం చెబుతున్నాను: ముదురు తాడిచెట్టు మొదలు నరికి, లోపలంతా తొలిచేస్తే తాటిదోనె అవుతుంది. వెడల్పు మనిషి నడుము పట్టేంత, పొడవు మనిషి గర్వమంత. ఒక్కడే ఎక్కితే రెండో కొస లేచి సూర్యుడికి నమస్కారం పెడుతుంది. అందుకని ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చోవాలి. ఒకరు ఎడమ చెవి గోక్కుంటే రెండోవారు కుడి చెవి గోక్కోవాలి. అంత క్రమశిక్షణ గలిగిన తోడు కావాలి, అదీ అప్పటికప్పుడు కావాలి. ఎందుకంటే నాకు చేపల ధ్యాస ముందుగా చెప్పి వచ్చేది కాదు. మబ్బు పట్టి, గాలి తిరిగి, నీటి మీద చిన్న ముడత కనిపిస్తే చాలు, అన్నం ముందు నుంచి కూడా లేచిపోయేవాణ్ణి.

మా వైపు మనుషులు మహా మర్యాదస్తులు. ‘రాను’ అనే మాట వాళ్ళ నోట రాదు. పిలిస్తే ‘అంతకంటేనాండీ!’ అంటారు. ‘మీరు పదండి, వెనకాలే వచ్చేస్తా’ అంటారు. అలా నా వెనకాలే బయల్దేరిన మా బాబాయి కొడుకు ఇప్పటిదాకా రేవు చేరలేదు. ఈలోగా ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు. టైలరు ఒకతను పాపం నిజంగానే వచ్చాడు. వచ్చి, గాలం బలంగా విసిరి, వెనక్కి తిరిగొచ్చిన కొక్కేన్ని తన కాలరుకే తగిలించుకుని, ‘పడిందండీ, చాలా పెద్దది పడిందండీ’ అంటూ తనని తానే లాక్కున్నాడు. హిందీ మాస్టారు వచ్చిన రోజున నది మధ్యలో ఆయనకి పాఠం చెప్పే అలవాటు గుర్తొచ్చి లేచి నిలబడ్డారు. మేమిద్దరం ఒడ్డుకు ఈదుకొచ్చేసరికి దోనె మాకంటే ముందే వచ్చి మాకోసం ఎదురుచూస్తోంది. ఆ తర్వాత వర్షాలు మొదలై ఊడ్పులొచ్చాయి. ఊళ్ళో పనికొచ్చే మగాడన్నవాడు ప్రతి ఒక్కడూ పొలాల్లోకి దిగిపోయాడు. మిగిలింది నేనూ, దోనే.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఏడు వేసవిలో మా అక్క పెళ్ళయింది. బావగారిది జంగారెడ్డిగూడెం దగ్గర మెట్ట ఊరు, పామాయిల్ తోటలు. నీళ్ళంటే గొట్టంలోంచి చెట్టు మొదట్లో చుక్క చుక్కగా పడేవని తప్ప, అవి ఒకదాని పక్కన ఒకటి చేరి సముద్రం దాకా నడుచుకుంటూ వెళతాయని ఆయన ఊహించి ఉండరు. ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో కొత్త పెళ్ళికూతురు పుట్టింట ఉండాలి, అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. తొక్కితే అత్తగారికి గండమని మా పెద్దల నమ్మకం. అక్కని బస్సెక్కించేటప్పుడు ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, బావగారు ధైర్యం చెబుదామనుకుని, నవ్వుతూ, “ఎంత, నెల్లాళ్ళేగా! నేనూ హాయిగా కాళ్ళు చాపుకుని పడుకుంటాను” అన్నారట. అక్క కళ్ళనీళ్ళు అక్కడికక్కడే ఇంకిపోయాయి. మా వీధి చివరింటి ఫోనుకి ఆయన ఎన్నిసార్లు చేసినా వెళ్ళేది కాదు. “నిద్ర పాడుచేసుకోవద్దని చెప్పండి” అని కబురు పంపేది. పగలు మామూలుగానే ఉండేది గానీ, పెళ్ళిలో కట్టిన చీరలన్నీ పెట్టె అడుగుకి సర్దేసింది. మా అమ్మ అది చూసి ఏమీ అడగలేక దేవుడి గదిలో కూర్చునేది. నోరుజారిన మాట వెనక్కి తీసుకోవాలంటే మనిషి ఎదురుపడాలి. ఎదురుపడాలంటే గడప దాటాలి. దాటితే అత్తగారి ప్రాణం. అదీ ఆయన పరిస్థితి. ఇదంతా నాకూ తెలుసు. తెలిసినా బుర్రకెక్కలేదు, అందులో అప్పటికే దోనె అడ్డంగా పడుకుని ఉంది.

ఒక మబ్బు పట్టిన పొద్దున, ఊళ్ళో అడగవలసిన వాళ్ళందరూ అయిపోయాక, ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఆయన తోట ఆఫీసుకి ఫోన్ చేశాను.

“బావగారూ, గాలి బ్రహ్మాండంగా తిరిగిందండి. చేపలకి వెళదాం, వస్తారా?”

“ఎక్కడ?”

“మా రేవు నుంచేనండి.”

“ఆడవాళ్ళు బట్టలుతుకుతారు, ఆ రేవేనా?”

“అదేనండి. కానీ మనం అక్కడుండం, లంక పక్కకి…”

ఫోన్ పెట్టేశారు. కోపం వచ్చిందనుకున్నాను. ఇంటికొచ్చి, అరటిబోదెల దగ్గర ఎరకని ఎర్రలు (వానపాములు) తవ్వి, డబ్బాలో కాస్త మట్టి పోసి మూత పెట్టేసరికి గట్టు మీద మోటారు సైకిలు చప్పుడు. అరవై కిలోమీటర్ల దూరం, మధ్యలో రెండు వానలు, ఒక గేదెలమంద, గోతుల్లో అక్కడక్కడా కొంచెం రోడ్డు. ఇవన్నీ దాటుకుని, తల నుంచి నీళ్ళు కారుతూ మా బావగారు దిగారు. పక్కవీధి మనిషి రాని చోటికి పక్క సీమ నుంచి మనిషి వచ్చాడు! చేపల వేటలో నా పేరు మెట్టదాకా పాకిందని ఆ క్షణాన నిర్ధారణ చేసుకున్నాను.

“బండి కనబడకుండా ఎక్కడ పెట్టను, బావమరిదీ?” అన్నారు మొదటి మాటగా.

“కనబడితే ఏమవుతుందండి?”

“అత్తయ్యగారు చూస్తే బాగుండదు.”

ఆయన తోడుగా ఎలా ఉండేవారో చెబితే మీరు నమ్మరు. గుడిలో విగ్రహానికైనా హారతి ఇచ్చినప్పుడు కాస్త కదలిక ఉంటుందేమో గానీ, ఈయన కదిలేవారు కాదు. దోనె అంచులు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు రేవు మీద పెట్టి, ఊపిరి అవసరమైనంత మేరకే తీసుకునేవారు. గాలం చేతికిస్తే పట్టుకునేవారు. ఎర్ర గుచ్చారా అంటే గుచ్చానన్నారు. (కొక్కేనికి ఏమీ లేదు.) బెండు మునిగినా చూసేవారు కాదు. “లంక వైపు పోదామండి, అక్కడ వాలుగలు పిల్లికూనల్లా తిరుగుతాయి” అని నేనంటే, “ఇక్కడే బాగుంది” అనేవారు. నేను మాత్రం ఊరుకుంటానా? ఆయనకి వినే ఓపిక ఉందని కనిపెట్టి, నేను పట్టిన కొరమేను నన్నే ఏటికి ఎదురు లాక్కెళ్ళి ధవళేశ్వరం ఆనకట్ట చూపించి తీసుకొచ్చిన సంగతి పూర్తిగా చెప్పాను.

అక్క రేవుకి వచ్చేది. దోనెని చూసేది. చూసి, అటు తిరిగి, బట్టలు బండకేసి బాదడం మొదలెట్టేది. ఆ చప్పుడుకి లంకలో కొంగలు లేచిపోయేవి. ఆ నెలలో నా చొక్కాల గుండీలు ఏ చేపలు మింగాయో తెలియదు. బావగారు గొంతు సవరించుకుని ఏదో అనబోతే, అక్క నాతో అనేది:

“ఒరేయ్, మీ బావగారికి కూర్చోవడం ఇబ్బందేమో కనుక్కో. హాయిగా కాళ్ళు చాపుకోమను.”

“దోనెలో కాళ్ళు చాపడానికి వీలుండదని చెప్పు బావమరిదీ,” అనేవారు బావగారు, దీనంగా.

“మరి అంత ఇరుగ్గా ఉంటే రావడం దేనికిట?”

“ఇంటిదగ్గర మరీ విశాలంగా ఉందని చెప్పు.”

ఇద్దరి మధ్యా నేనుండి రెండు వైపులా కబుర్లు మోస్తూ, చేపలన్నీ బెదిరిపోతున్నాయే అని బాధపడేవాణ్ణి. గాలి తిరిగినప్పుడల్లా ఫోన్ చేశాను. తిరగనప్పుడు కూడా తిరిగిందని ఒకటి రెండుసార్లు చేశాను. ఒక్కసారీ ఆయన తప్పలేదు. పనుందనలేదు, వెనకాలే వస్తాననలేదు. అక్క మాత్రం ఒక్కసారీ ఆయన మొహంలోకి చూడలేదు. వెళ్ళేటప్పుడు ఆయన రేవు మెట్ల దాకా చూసి, “రేపు కూడా గాలి తిరుగుతుందంటావా?” అని అడిగేవారు. మెట్ట మనిషి నదీశాస్త్రం మీద ఇంత పట్టు సాధించాడే అని నేను మురిసిపోయేవాణ్ణి.

ఆషాఢం సగం దాటాక ఒక మధ్యాహ్నం మా అమ్మ, ఇంత సేపైనా అక్క రాలేదేమని రేవుకి వచ్చింది. వచ్చి, అల్లుణ్ణి చూసింది. కొంగు భుజం మీదికి లాక్కుని, “బాగున్నారా బాబూ? అమ్మగారూ వాళ్ళూ కులాసానా?” అని పద్ధతిగా పలకరించి, అప్పుడు నా వైపు తిరిగింది. “ఏరా వెధవా! కొత్త అల్లుడుగారిని దుంగ మీద కూర్చోబెట్టి చేపల వెంట తిప్పుతావా? ఆయన భోజనం చేశారా?”

“లేదత్తయ్యగారూ, ఫర్వాలేదండి,” అన్నారు బావగారు.

అంతే. మా ఊళ్ళో అల్లుడు ఆకలితో వెనక్కి వెళ్ళడం ఆనకట్ట తెగిపోవడం లాంటిది. కానీ ఇంట్లోకి పిలవడానికి లేదు. పిలిస్తే గండం, పిలవకపోతే అప్రతిష్ఠ. అమ్మ గట్టు మీదే నిలబడిపోయి మా నాయనమ్మని పిలిపించింది. నాయనమ్మ మెల్లగా వచ్చి, దోనెని చూసి, నీళ్ళని చూసి, మనవరాలి మొహం కొంచెం ఎక్కువసేపు చూసి, తీర్పు చెప్పింది. “గోదారికి గడపేవిటే? ఆయన నీళ్ళలో ఉన్నాడు, నువ్వు గట్టు మీదున్నావు. దోనెలోనే వడ్డించు. నువ్వు కాదు. పిల్ల వడ్డిస్తుంది.”

ఆ తర్వాత జరిగింది నేను ఏమీ పెంచకుండా చెబుతాను. పెంచడానికి అందులో చోటు లేదు. దోనెని తాడుతో రేవు మెట్టుకి కట్టారు. అరిటాకు అడ్డంగా పట్టకపోతే నిలువుగా చీల్చి, బావగారి ఒళ్ళోంచి మోకాళ్ళ దాకా పరిచారు. నాకు ఆకు వెయ్యలేదు. నన్ను ఎదురుబరువుగా రెండో చివర ఉండమన్నారు. ఇంట్లోంచి గిన్నెలు రావడం మొదలైంది. పులిహోర, పప్పు, ములక్కాడల పులుసు, పనసపొట్టు కూర, రొయ్యల వేపుడు, పరమాన్నం. గిన్నెలు పెట్టడానికి చోటు దోనెలోనే కాబట్టి అన్నీ మా ఇద్దరి మధ్యా బారులు తీరాయి. అక్క మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, కళ్ళు ఆకు మీంచి ఎత్తకుండా, ఒక్కో వంటకం వడ్డిస్తోంది. నేను నీటిమట్టాన్ని చూస్తున్నాను. అంచుకి బెత్తెడు కిందున్న గోదావరి నాలుగు వేళ్ళకి వచ్చింది. పెరుగు గిన్నెతో రెండు వేళ్ళకి వచ్చింది.

“చాలండి,” అన్నారు బావగారు, అంచు చూసి.

“మొహమాటపడకండి బాబూ,” అంది గట్టు మీంచి అమ్మ. “ఒరేయ్, ఆ నేతి గిన్నె అందుకో!”

“అమ్మా, దోనె…”

“నువ్వు మాట్లాడకు!”

ఇంకొక్క వేలు మిగిలింది. అప్పుడు గారెల పళ్ళెం వచ్చింది. అక్క పళ్ళెం పట్టుకుని దగ్గరికొచ్చింది. బావగారు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, నన్ను మధ్యవర్తిగా పెట్టకుండా, నెమ్మదిగా అన్నారు. “ఆ మాట నీ ఏడుపు చూడలేక అన్నాను. ఆ రాత్రే కాళ్ళు చాపాను. చాపినకొద్దీ మంచం పెద్దదైపోతోంది. ఒక్కరోజు నిద్రపడితే ఒట్టు.”

గట్టు మీద అమ్మ నెయ్యి సంగతి మరిచిపోయింది. అక్క పళ్ళెంలో గారెలు ఓ పక్కకి సర్దింది. తర్వాత తలెత్తి, పెళ్ళయ్యాక మొదటిసారి చూస్తున్నట్టు ఆయన మొహంలోకి చూసి, అడిగింది:

“రెండు గారెలు వెయ్యనా?”

ఆయనకి ఈత రాదు. నీళ్ళు అంచుని తాకుతున్న సంగతి ఆయన నాకంటే ముందే చూశారు. అయినా ఆకు మీంచి చెయ్యి తీసి, “వెయ్యి” అన్నారు.

అక్క వేసింది.

ఓడలు మునగడం గురించి చాలామంది చెప్పగా విన్నాను గానీ, ఇంత మర్యాదగా మునిగింది ఇంకొకటి ఉండదు. ఒరగలేదు, తొణకలేదు. మా తాతగారి దోనె పరమాన్నంతో సహా, నాతో సహా, నిట్టనిలువుగా కిందికి దిగిపోయింది. నడుములోతు నీళ్ళలో బావగారు కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారు. ఆకు మాత్రం నెత్తికి పైగా ఎత్తి పట్టుకున్నారు. చుట్టూ పులిహోర తేలుతోంది. అన్నాళ్ళూ నా ఎర్రలకి మొహం చాటేసిన చేపలన్నీ ఎక్కడినుంచి వచ్చాయో, పంక్తికి పిలిచినట్టు వచ్చేశాయి. అక్క నవ్వింది. మొదట కొంగు అడ్డం పెట్టుకుని, తర్వాత కొంగు వదిలేసి, పళ్ళెం కూడా వదిలేసి నవ్వింది. నవ్వుతూనే ఇంకో అడుగు లోపలికి వేసి, ఆయన చెయ్యి పట్టుకుని, “లేవండి, జలుబు చేస్తుంది” అంది. ఆయన లేచారు. ఆ చెయ్యి మాత్రం గట్టు దాకా వదల్లేదు. అమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ, గిన్నెలు పోయినందుకు నన్ను తిట్టింది.

మా నాన్నగారి పంచె కట్టుకుని బావగారు ఆ సాయంత్రం వెళ్ళిపోయారు. ఆ రాత్రి నుంచి వీధి చివరింటి ఫోను దగ్గర అక్కే కూర్చునేది. రెండు రోజులాగి, దోనె ఎత్తి, తారు పూసి, నేను తోట ఆఫీసుకి ఫోన్ చేశాను. “బావగారూ, గాలి తిరిగిందండి.” “అలాగా బావమరిదీ,” అన్నారాయన ఎంతో ప్రేమగా. “ఈ వారం తోటలో గెలలు కోయించాలి. ఇంకోసారి చూద్దాం.” బూత్‌లోంచి బయటికొచ్చి కాసేపు నిలబడ్డాను. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. అన్ని వానల్లో అంత దూరం ఎవరికోసం మనిషి వచ్చాడో ఊళ్ళో అందరికంటే ఆలస్యంగా తెలిసింది నాకే.

ఈమధ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఇద్దరం అరుగు మీద కూర్చుని ఉండగా అడిగాను. “ఆ నెలలో ఒక్క చేపనైనా పట్టాలనిపించిందా, బావగారూ?”

“మొదట్లో మీ అక్క కోసమే వచ్చాను. తర్వాత్తర్వాత… ఆ కొరమేను నిన్ను ఆనకట్ట దాకా లాక్కెళ్ళిందన్నావు చూడు, అక్కణ్ణుంచి ఏమైందో వినాలని కూడా వచ్చాను.” లోపల్నుంచి అక్క నవ్వు వినిపించింది.

అది నిజమో, నా మనసు కష్టపెట్టలేక అన్నదో నేను తరచి అడగలేదు. కానీ ఇప్పటికీ మబ్బు పట్టినప్పుడు, ఆ రేవులో ఒక సన్నటి కుర్రాడు కనిపిస్తాడు. గట్టు మీద మోటారు సైకిలు ఆగిన చప్పుడు వినగానే, అది తనకోసమే వచ్చిందనుకుని, ఎర్రల డబ్బా గుండెకి హత్తుకుని జారుతూ పడుతూ పరిగెడుతుంటాడు. వాణ్ణి ఆపి చెప్పే వయసూ, తెలివీ నాకిప్పుడు ఉన్నాయి. ఆపబుద్ధి కాదు.