వెనక్కి తీసుకున్న కృతజ్ఞత

నేను బడికి వెళ్ళలేదు. ఎలమంచిలిలో మా తాతగారి పడక్కుర్చీ పక్కన పీట వేసుకుని చదువుకున్నాను. ఊళ్ళోవాళ్ళు అర్జీలు రాయించుకోవడానికి ఆయన దగ్గరికి వచ్చేవారు. చెయ్యి కుదిరాక ఆ పని నాకు అప్పగించారు. అర్జీ ఒక పేజీ దాటితే చింపేసేవారు. పని జరిగాక రాసే కృతజ్ఞతకు మాత్రం రెండు పేజీలూ నిండాల్సిందే. అడగడం అందరూ అడుగుతారు, అందుకున్నాక తిరిగి తలుచుకునేవాడే మనిషి అనేవారు. ఆ రెండో పాఠం నా చేత ఎంత పాడు పని చేయించిందో రాయడానికే ఇవాళ కూర్చున్నాను.

తొంభైల మొదట్లో పెళ్ళయి, అందరూ పాతూరు అనే వన్ టౌన్‌లో ఒక ఇరుకు వీధిలోకి వచ్చాను. మావారు పోర్టులో గుమాస్తా. నేను పొద్దున్నే ఊరికి ఆ చివరన ఉన్న కాలనీకి వెళ్ళి, పిల్లలు బడికి బయల్దేరేలోగా తెలుగు చెప్పి వచ్చేదాన్ని. అప్పట్లో మా స్టాపుకి మొదటి బస్సు ఏడింటికి. టోకు కొట్ల షట్టర్లు ఇంకా తెరవని ఆ వేళ అక్కడ నిలబడేది నేనూ, చేపల తట్టలతో పదీ పదిహేను మంది ఆడవాళ్ళూ. హార్బరులో వేలం పాడి కొన్న సరుకు తడి ఆరకుండా గోనె కప్పుకుని వచ్చేవారు. మా ఇంట్లో నీచు ముట్టం. మొదటి రోజు పమిట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

"ఏటి పంతులమ్మా, ముక్కు మూసుకున్నావు?" అంది అందరిలోకీ పెద్దావిడ. "భయపడకు. నీ వాసన మా సేపలకి అంటదులే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చెంగు జారిపోయింది. అప్పటినుంచి ఆవిడని అప్పా అని పిలిచాను. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం.

వాళ్ళకొక పద్ధతి ఉండేది. తట్టలు వరసలో పెట్టేవారు కానీ, ముందు వచ్చినవాళ్ళది ముందు కాదు. నిన్న ఎవరి తట్టలో సరుకు మిగిలిపోయిందో వాళ్ళ తట్ట ఇవాళ మొదట. ముందు ఎక్కితే ముందు దిగొచ్చు, మొదటి గుమ్మాలు వాళ్ళవి. దీనికి పెద్దమనిషి లేడు, తగువు లేదు. "నిన్న నాది మిగిలిపోనాది" అంటే చాలు, మిగతావాళ్ళు తట్టలు వెనక్కి జరిపేవారు. అబద్ధం చెప్పి ముందుకు వెళ్ళిన మనిషిని నేను ఒక్కరోజు చూడలేదు. తర్వాత నేను చూసిన ఆఫీసులన్నిటిలోనూ ఆ స్టాపులో ఉన్నంత న్యాయం లేదు.

అప్ప బాధ ఒక్కటే. ఏడింటి బస్సు.

"ఏడుకి ఎక్కితే కాలనీకి ఎనిమిదవుద్ది. అప్పటికి ఆల్ల పొయ్యి మీద కూర ఉడికిపోనాది. ఆఫీసు కేరేజీలు కట్టీసినాక నా వంజరం ఎవులు కొంతారు? నువ్వు కాయితాలు రాత్తావంట గదా, ఒకటి రాసీ."

రాశాను. ఒక పేజీ. అందరి వేలిముద్రలూ వేయించి బస్సుల ఆఫీసులో ఇచ్చాను. తిరగ్గా తిరగ్గా అయిదూ నలభైకి ఒక బస్సు వేశారు. పాత డొక్కు బస్సు. వెనక తలుపు పక్కన తట్టలు పెట్టుకుని, కింద గోనె పట్టాలు పరుచుకుని, లగేజీ టిక్కెట్టు కొనుక్కుని వాళ్ళు నేలమీదే కూర్చునేవారు. నేను ఆఖరి సీట్లో. ఆరున్నరకల్లా కాలనీలో దిగేవాళ్ళం. అప్ప చందువా చేపలు శుభ్రం చేసి ఇచ్చే గుమ్మం పక్క గదిలోనే నేను గుణింతాలు చెప్పేదాన్ని. ఆ బస్సు వేసినందుకు రెండు పేజీలు నిండా కృతజ్ఞత రాశాను. ఆ వారం మార్గశిర గురువారం. మా పాతూళ్ళో కప్పులేని గుడిలో అమ్మవారికి నా చేత్తో నీళ్ళు పోసి, బస్సు గురించి కూడా చెప్పుకున్నాను. బస్సుకేమిటి దండం అని మావారు నవ్వారు. నాకు నవ్వులాట కాదు. పది పదిహేను ఇళ్ళ అన్నం ఆ బస్సు ఎక్కి వెళ్తోంది.

పదేళ్ళకు పైగా అలా గడిచింది.

రెండువేల తర్వాత ఊరికి అందం పిచ్చి పట్టింది. రుషికొండ వైపు అద్దాల భవనాలు లేచాయి. బీచి రోడ్డున పూలమొక్కలు, రంగు దీపాలు వచ్చాయి. మా పాత ఊరి వంతు కూడా వచ్చింది. ఒకరోజు జీపులో ఒక ఆఫీసరు మా వీధికి వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు.

"అమ్మగారూ, మీ స్టాపుకి కొత్త షెల్టరు కడుతున్నాం. స్టీలు కుర్చీలు, ఫ్యాను, టైల్సు. బస్సులు కూడా కొత్తవి. అర్జీలన్నీ మీ చేతివేనని మా పాత ఫైళ్ళు చూస్తే తెలిసింది. ప్రారంభానికి ప్రజల తరఫున నాలుగు మాటలు రాసిపెడితే మాకు ఉత్సాహంగా ఉంటుంది."

నాకు కళ్ళు చెమర్చాయి. అడక్కుండానే ఇస్తున్నారు కదా అనుకున్నాను. కూర్చుని రెండు పేజీలు రాశాను. అందులో ఒక వాక్యం నాకే ఎంతో నచ్చింది. 'ఇకపై మా వీధి ఆడవారికి ప్రయాణంలో ఏ లోటూ లేదని, ఈ ఏర్పాటు మాకు పూర్తిగా సమ్మతమని సంతోషంతో తెలియజేసుకుంటున్నాము.' బస్సు చూడలేదు. తలుపు ఎలా ఉంటుందో అడగలేదు. వంట వండకుండానే ఆకు ఎత్తేసి బ్రేవుమన్నట్టు రాశాను.

వేలిముద్రలకి స్టాపుకి పట్టుకెళ్ళాను.

"ఏటి రాసినావు?" అంది అప్ప.

"మంచి చేస్తున్నందుకు దండాలని రాశాను."

"దండం పెట్టడానికి కూడా ఏలిముద్రేటి? సేతులు జోడిత్తే సాలదా?" అంటూనే వేలు సిరాలో ముంచింది. ఆవిడ వేసిందని మిగతా అందరూ వేశారు. ఒక్కరూ చదివి వినిపించమనలేదు. నేనూ వినిపించలేదు.

షెల్టరు తయారైంది. గోడమీద ఒక జాలరి స్త్రీ బొమ్మ వేశారు. తెల్లటి ఒళ్ళు, సన్నటి నడుము, నెత్తిన తట్ట, మొహాన చిరునవ్వు. అప్ప నడుంమీద చెయ్యి వేసుకుని దాన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"దీని తట్టలో ఒక్క సేపా నేదు. అందుకే అంత నవ్వుతంది" అంది.

దండలూ ఉపన్యాసాలూ అయిన మర్నాడు అయిదూ నలభైకి కొత్త బస్సు వచ్చింది. దానంతట అదే తెరుచుకునే తలుపులు, అద్దంలాంటి నేల. నేను ముందు తలుపులోంచి ఎక్కాను. వెనక తలుపు దగ్గర కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తడి సామాను ఎక్కకూడదు. ఆర్డరు."

"రోజూ ఎక్కుతున్నాం గదా బాబూ. టిక్కెట్టు కొంతాం" అంది అప్ప.

"ఆ బస్సు వేరు, ఈ బస్సు వేరు. జరగండి, తలుపు పడాలి."

తలుపు పడింది. అద్దంలోంచి చూశాను. వరసలో పెట్టిన తట్టలు, వాటి వెనక వాళ్ళు. అప్ప నన్ను చూసింది. నేను దిగలేదు. పిల్లలకి పరీక్షలు, ఆలస్యమవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరిమీద కోపం రాసినా ఈ మాట రాయకపోతే దొంగతనం అవుతుంది. బస్సు కదిలింది, నేను లోపలే ఉన్నాను. సీటు మెత్తగా ఉంది.

ఆ వారమంతా వాళ్ళు ఆటోల వెంట పడ్డారు. చేపలు ఎక్కించుకోనన్నవాళ్ళే ఎక్కువ. ఎక్కించుకున్నవాళ్ళు అడిగింది ఇస్తే మిగిలేది ఏమీ ఉండదు. చివరికి పదిహేనుమందిమీ కలిసి ఆఫీసుకి వెళ్ళాం. ఆ మర్యాదస్తుడే ఉన్నాడు. చల్లటి నీళ్ళు ఇప్పించాడు. ఫైలు తెప్పించి, నా కాగితం తీసి బల్లమీద పెట్టాడు.

"అమ్మగారూ, మీరే రాశారు. ఏ లోటూ లేదని, పూర్తిగా సమ్మతమని. కింద వీళ్ళందరి వేలిముద్రలూ ఉన్నాయి. ఇది చూపించే కదా పాత సర్వీసు తీసేశాం. ఇప్పుడు కాదంటే ఎలా?" అని, కాగితాన్ని కాస్త తిప్పి పట్టుకుని, "అక్షరాలు మాత్రం ముత్యాలండీ" అన్నాడు.

నా జన్మలో ఎవరినీ కొట్టాలని అనుకోలేదు. ఆ క్షణాన అనుకున్నాను. అతను వెక్కిరించినా బాగుండేది. నిజంగానే మెచ్చుకున్నాడు. దొంగ మన ఇంట్లో దూరి మన కత్తిపీటనే మెచ్చుకుంటే ఎలా ఉంటుంది? ఆఫీసువాళ్ళకి కావలసింది సంతకాలు. అవి అడిగితే ఈ ఆడవాళ్ళు నూటొక్క ప్రశ్నలు వేస్తారు. అందుకని కృతజ్ఞత అడిగారు. కృతజ్ఞత ఎదురు ప్రశ్నలు వేయదు కదా.

బయటికి వచ్చాక అప్ప నా వైపు తిరక్కుండా హార్బరు వైపు నడిచింది. తిట్టినా భరించేదాన్ని.

ఆ గురువారం గుడికి వెళ్ళాను. ఎప్పుడూ అక్కడ నాకు అందినవన్నీ ఒక్కొక్కటీ చెప్పుకుని వస్తాను. ఆ రోజు నీళ్ళు పోసి, పసుపు రాసి, నోరు విప్పకుండా వచ్చేశాను. ఇంటికొచ్చి ఒక పేజీ రాశాను. 'ఫలానా రోజున మేము తెలిపిన కృతజ్ఞతను, సమ్మతిని వెనక్కి తీసుకుంటున్నాము. మాకు బస్సు లేదు. అయిదూ నలభైకి తట్టలు ఎక్కించుకునే బస్సు వేసేవరకు మీకు మా దండాలు లేవు.'

ఆఫీసులో గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇదేటమ్మా ఇది? అర్జీయా, ఫిర్యాదా?"

"రెండూ కాదు. ఇచ్చింది వెనక్కి తీసుకుంటున్నాను."

"దానికి మా దగ్గర రిజిస్టరు లేదే. థాంక్సు లెటరు కేన్సిలు చేసుకున్నోళ్ళని నాను సూడనేదు."

"అయితే ఇవాళ చూడండి."

"పోనీ, అందులో ఏలిముద్రలేసినోళ్ళంతా ఇందులో కూడా ఎయ్యాలి. అప్పుడు ఇన్‌వార్డులో ఎక్కిత్తాను."

మర్నాడు కాగితం పట్టుకుని స్టాపుకి వెళ్ళాను. షెల్టరులో కాదు, దాని వెనక గోడ నీడలో కూర్చుని ఆటో కోసం చూస్తున్నారు. అప్పకి చదివి వినిపించాను. మొత్తం, ఒక్క మాట వదలకుండా. ఆవిడ విన్నది. వేలు చాచలేదు.

"కోపం తెచ్చుకోకు పంతులమ్మా. ఇంకోల సేత సదివించి ఏత్తాను" అంది.

టీకొట్టు అతన్ని పిలిచింది. అతను చేతులు తుడుచుకుని కూడబలుక్కుంటూ చదివాడు. నేను చదివిందే అతనూ చదివాడని రూఢి చేసుకున్నాక వేలు ముంచింది. అతను చదువుతున్నంతసేపూ నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆవిడ చేసింది తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. పదేళ్ళు నా మాటే చాలనుకున్న మనిషికి ఆ రెండో చదువు అవసరమయ్యేలా చేసినవాళ్ళని మాత్రం క్షమించలేదు. అందులో నేనూ ఉన్నాను.

రెండు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగాం. ఆటో దొరికిన రోజే అప్ప కాలనీకి వచ్చేది. రెండు నెలల తర్వాత పాత బస్సు ఒకటి వేశారు. తట్టలు ఎక్కించుకోవచ్చు. వచ్చేది తొమ్మిదిన్నరకి.

తొమ్మిదిన్నరకి.

ఆ సాయంత్రమే ఆఫీసునుంచి మా పక్క కొట్టుకి ఫోను వచ్చింది. ఆ మర్యాదస్తుడే. "చూశారా అమ్మగారూ, మీ మాట నిలబెట్టాం. ఇప్పుడైనా ఒక ఉత్తరం..."

"పొద్దుటి కూర ఎన్నింటికి వండుతారు మీ ఇంట్లో?" అని అడిగాను. అతనికి అర్థం కాలేదు. ఫోను పెట్టేశాను. నేను ఒకరి మాట పూర్తికాకుండా ఫోను పెట్టేయడం అదే మొదలు. పశ్చాత్తాపం లేదు.

మర్నాడు ఆ తొమ్మిదిన్నర బస్సు ఎక్కింది అప్ప ఒక్కతే. తట్ట లేదు. ఉతికిన చీర కట్టుకుంది.

"వత్తావేటి?" అంది. వెళ్ళాను. ఎక్కడికని అడగలేదు.

కాలనీలో దిగి మొదటి గుమ్మం తట్టింది. "రేపట్నుంచి నాను రానమ్మా. నాకోసం సూడకండి. సేపలు బయట కొనుక్కోండి" అని చెప్పింది. ఎందుకని వాళ్ళు అడిగితే, బస్సు వేళ కుదరదని మాత్రం అంది. ఒక ఇల్లాలు అయ్యో అంది. ఒకావిడ పెద్ద రోడ్డుమీద ఏసీ కొట్టు పెట్టారులే అంది. ఇంకొకావిడ లోపలికి వెళ్ళి జాకెట్టు ముక్క తెచ్చి చేతిలో పెట్టింది. అప్ప తీసుకుని మడిచి బొడ్లో దోపుకుంది. పక్కన నిలబడి ప్రతి గుమ్మంలోనూ అదే మాట విన్నాను. పదకొండు గుమ్మాలు.

ఆఖరి ఇంటికి తాళం వేసి ఉంది. ఎండ మండిపోతోంది. పోదాం పద అప్పా, పక్కింటివాళ్ళతో చెప్పి వెళ్దాం అన్నాను.

"ఎలగ పోతాం? సెప్పకుండా మానీసినాననుకుంతాది. రేపు పొయ్యి మీద సింతపండు పులుసు పెట్టుకుని నాకోసం ఎదురుసూత్తాది" అంది.

గుమ్మం మెట్లమీద చెంగు పరుచుకుని కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. చేపలు రావని ఒక ఇంటికి ముందుగా చెప్పడానికి, ఆ ఎండలో మేము గంటన్నర కూర్చున్నాం. తట్టల బస్సు ఇక రాదని ఆవిడకి ముందుగా చెప్పడానికి ఈ ఊళ్ళో ఒక్క మనిషి రాలేదు.