డాక్టరమ్మ డబ్బాలు, నా మెతుకు శాస్త్రం

ఇంటిల్లిపాదికీ భేదిమందు తాగించి, తిరుపతి ఆసుపత్రి మరుగుదొడ్ల ముందు వరుసగా నిలబెట్టిన ఘనత ఎవరిదని అడిగితే మా బంధువర్గమంతా ఇప్పటికీ నా వైపే వేలు చూపిస్తుంది. అన్నం తింటూ చదివే అలవాటున్నవాళ్ళు ముందు కంచం ఖాళీ చేసి రండి. నేను ఆగుతాను.

అది తొంభైల చివరి మాట. అప్పటికి నాకు అక్షరం రాదు. చదువు తర్వాత ఎప్పుడో వచ్చింది. తెలివి మాత్రం అంతకుముందే దండిగా ఉందని నా నమ్మకం. కొంప ముంచింది ఆ నమ్మకమే.

ఐరాల దగ్గర పల్లె మాది. మా మామ పెద్దపేగు కేన్సరుతో పోయాడు. ఆయనకు తిరుపతిలో వైద్యం చేసిన డాక్టరమ్మ కర్మలు అయిపోయాక మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో వంశం వెంట వస్తుందట. అది ఎవరెవరికి రాబోతుందో ముందే కనిపెట్టడం ఆవిడ పరిశోధన. దానికి ఆవిడకు కావలసింది మా నెత్తురు కాదు, మా జాతకాలు కాదు. పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్ళి మేము వదిలేసి వచ్చేది.

"ఇంత చదువు చదివింది దీనికా తల్లీ" అంది మా అత్త, జాలిగా.

డాక్టరమ్మ నొచ్చుకోలేదు. నా పక్కన అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ చెప్పింది. "మునెమ్మక్కా, ఇది పేగులో చిన్న పులిపిరిలాగా మొదలవుతుంది. దాన్నుంచి కంటికి కనపడనంత రక్తం కారుతుంది. అప్పుడే పట్టుకుంటే మనిషి బతుకుతాడు. మీ మామ విషయంలో ఆలస్యమైపోయింది. మిగతా ఊళ్ళలో నన్ను గడప తొక్కనివ్వలేదు. ఈసారి కూడా వట్టి చేతులతో వెళితే, ఈ పని మానేసి దగ్గు మందుల మీద పరిశోధన చేసుకోమన్నాడు మా పెద్ద డాక్టరు."

నా మజ్జిగ తాగి నన్ను అక్కా అన్న మనిషిని దగ్గు మందుల పాలు చేస్తానా? "నాకు వదిలెయ్ తల్లీ" అన్నాను.

ముందు మా వంశవృక్షం గీస్తానంది. గీసింది. కొట్టేసింది. మళ్ళీ గీసింది.

"మీ అత్త మీ మామకు ఏమవుతుంది, పెళ్ళి కాకముందు?"

"సొంత అక్క కూతురు."

"మరి మీరు?"

"ఆయన చెల్లెలి కూతుర్ని."

"అంటే మీ అత్త మీకు అక్క."

"నవ్వుతా ఉన్నెప్పుడు అక్క. అరిసినప్పుడు అత్త."

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. "అట్లాగైతే మీ ఆయన మీకు కొడుకు వరస కదా?"

"మా అత్త పక్కనుంచి సూస్తే అంతే. మా మామ పక్కనుంచి సూస్తే బావ. పెండ్లికి మామ పక్కనుంచి సూసినారు."

ఆవిడ గీసింది చివరికి చెట్టులా లేదు, కోడి గెలికిన నూలు ఉండలా ఉంది. అందులో ఎటూ చిక్కుకోకుండా నిలబడింది ఒక్క మా మరిది పెళ్ళాం ధనమ్మ. తిరుత్తణి పిల్ల. మాకూ ఆమెకూ ఏ చుట్టరికమూ లేదు. పోల్చి చూడడానికి ఆమెది కూడా కావాలంది డాక్టరమ్మ.

నాకు చదువు రాదు గనక డబ్బాలకు రంగు దారాలు కట్టింది. అత్తకు పసుపు, మా ఆయనకు ఎరుపు, మరిదికి నీలం, ధనమ్మకు పచ్చ, నాకు తెలుపు. వారం రోజుల్లో వస్తానని చెప్పి వెళ్ళింది.

ఆ డబ్బాలు పట్టుకుని నేను ఇల్లంతా తిరిగాను.

"ఎత్తెత్తి తెచ్చి ఇంగొకరి చేతికిచ్చేదా? నా కంఠంలో పానముండంగా జరగదు" అంది అత్త.

"బావా, నువ్వన్నా."

"నేను పంచాయతీ మెంబర్ని మే. రేపు ఓట్లడిగేదానికి యా మొగం పెట్టుకోని పొయ్యేది?" అన్నాడు మా ఆయన.

మరిది అయితే డబ్బా చూసిన ప్రతిసారీ మామిడితోటలోకి పరిగెత్తేవాడు. పోనీ అక్కడైనా పని కానిచ్చి తెస్తాడేమో అని చూశాను. ఉత్త చేతులతో వచ్చేవాడు.

గడువు వచ్చేసింది. తెల్లారితే డాక్టరమ్మ జీపు వస్తుంది. డబ్బాలు ఖాళీ. అప్పుడే పొయ్యి ముందు కూర్చున్న నాకు జ్ఞానోదయమైంది. అన్నం ఉడికిందో లేదో చూడడానికి కుండంతా పిసుకుతామా? ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. మేమంతా తినేది ఒకే కుండలో సంకటి, ఒకే రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడి. లోపలికి పోయేది ఒకటే అయినప్పుడు బయటికి వచ్చేది మాత్రం మనిషికొక రకంగా ఎట్లా ఉంటుంది? పైగా నా ఒళ్ళు రాయి. చెనక్కాయల మూట నెత్తిన పెట్టుకుని కయ్యల గట్ల మీద నడిచే మనిషిని. నాకంటే మంచి మెతుకు ఆ ఇంట్లో ఎవరు?

తెల్లారేసరికి అన్ని డబ్బాలూ నిండాయి. వివరాలు అడగకండి.

డాక్టరమ్మ మురిసిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుంది. అప్పటికి కడుక్కున్నానులెండి.

కొన్నాళ్ళకు అదే జీపు దుమ్ము రేపుకుంటూ తిరిగి వచ్చింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "అక్కా, మీ ఇంట్లో అందరిదాంట్లోనూ రక్తం ఉంది. అందర్నీ తిరుపతి తీసుకెళ్ళి పేగులోకి గొట్టం పంపి చూడాలి. ఇంట్లోవాళ్ళు భయపడకుండా నువ్వే తీసుకురా."

అందరిదీ అంటే ఎవరిదో మీకు తెలుసు, నాకూ తెలుసు. గుండె జారి తెల్లదారం డబ్బాలో పడింది. అయినా నోరు విప్పలేదు. మిషను తప్పు చెప్పి ఉంటుంది, ఆసుపత్రికి పోతే ఎటూ నన్ను కూడా చూస్తారు కదా, గుట్టుగా పోతుంది అనుకున్నాను. ఇంట్లో మాత్రం "డాక్టరమ్మ ఊరికే తిరుపతి తీసకపోతాదంట" అన్నాను. ఊరికే అనేసరికి అందరూ పండగ గుడ్డలు కట్టుకున్నారు.

ఆసుపత్రిలో అన్నం పెట్టలేదు. దర్శనానికి ముందు ఉపవాసమనుకుంది అత్త. పెద్ద గ్లాసులతో మందు ఇస్తే తీర్థంలా కళ్ళకద్దుకుని తాగింది. కాసేపటికి పంచాయతీ మెంబరు గారు మరుగుదొడ్డి తలుపు బాదుతూ, లోపలున్న తమ్ముణ్ణి తండ్రి మీద ఒట్టు పెట్టి బయటికి రమ్మంటున్నారు.

పెద్ద డాక్టరు స్వయంగా వచ్చాడు. దగ్గు మందుల మాట మరిచిపోయాడు. "కుటుంబమంతా ఒకే ఫలితం. మేనరికాల మహిమ. ఇట్లాంటిది లోకంలో ఎక్కడా లేదు. ఈ జన్యువుకు మనమే పేరు పెట్టాలి" అని, ఎవరి పేరో చెప్పకుండా తన కోటు సర్దుకున్నాడు.

ముందు అత్తను చూశారు. పేగు అద్దంలా ఉంది. తర్వాత మా ఆయన, మరిది. అవీ అద్దాలే. "రక్తముంది, పుండు లేదు. అద్భుతం" అన్నాడు పెద్ద డాక్టరు. ఏమీ దొరక్కపోతే అద్భుతం అనాలని ఆ రోజే నేర్చుకున్నాను. బయటికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే బాగున్నామని నవ్వుతుంటే, నేను మాత్రం వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటున్నాను. పప్పులో రాయి ఉండడం ఖాయం. అందరి పళ్ళూ తప్పించుకున్నాయి. ఇక మిగిలిన పన్ను ఎవరిది?

ధనమ్మ వంతు వచ్చేసరికి డాక్టరమ్మ ఆగింది. "సార్, ఈ అమ్మాయి బయటి సంబంధం. జబ్బు రక్తంలో రావాలి గానీ తాళిబొట్టుతో ఎట్లా వస్తుంది?" అని ధనమ్మ వైపు తిరిగింది. "పచ్చదారం డబ్బాలో ఇచ్చింది నువ్వే కదమ్మా?"

"యా డబ్బా? ఆ వారం నేను ఊర్లో యాడుండాను? మా తమ్ముడి పెండ్లికని తిరుత్తణి పోయుంటిని గదా."

"నేనూ ఈలేదు" అన్నాడు మరిది.

అత్త నెమ్మదిగా నా వైపు తిరిగింది. ఇక అక్క కాదు, పూర్తిగా అత్త. "ఏం మే మునెమ్మా. నా పేరు జెప్పి ఏం పంపిచ్చినావు?"

"అందరం ఒగే కుండలో తింటాం గదా అని..." గోడకు చెప్పాను.

మా ఆయన పంచె బిగించుకుంటూ అన్నాడు. "కరెంటు మీటరైతే ఇంటికొకటి సాలు. దీనికీ సాలనుకున్నెవా?"

నర్సులు గోడ చాటుకు పోయి నవ్వారు. పెద్ద డాక్టరు తన జన్యువును తీసుకుని కాఫీకి వెళ్ళిపోయాడు. నవ్వనిది డాక్టరమ్మ ఒక్కతే. నా మణికట్టు పట్టుకుంది.

"అక్కా, అన్నీ నీవేనా?"

"నావే తల్లీ."

"అయితే మిగతావాళ్ళంతా ఇంటికి వెళ్ళొచ్చు. నువ్వు లోపలికి రా."

ఉంది. శనగగింజంత ఒకటి, దాని పక్కన ఇంకొకటి. మా అమ్మ వైపు నుంచి, మామ వచ్చిన రక్తంలోంచే నాకూ వచ్చాయట. ఆ గొట్టంతోనే తుంచి తీసేశారు. కొన్నేళ్ళు ఊరుకుని ఉంటే మామ దారే అని చెప్పింది డాక్టరమ్మ. చెప్పి, తల తిప్పుకుని, అప్పుడు నవ్వింది. నవ్వు ఆగక స్టూలు మీద కూర్చుండిపోయింది. "అక్కా, పరీక్ష ఒక్కసారి చేయించుకోమంటేనే పారిపోతారు జనం. ఇన్ని పేర్లతో చేయించుకున్న మనిషివి నువ్వొక్కదానివే."

ఆవిడ పని ఆగలేదు. దగ్గు మందుల వైపు పోలేదు. ఊళ్ళూ జిల్లాలూ దాటి పెద్ద పేరు తెచ్చుకుంది, జుట్టు నెరిసింది. ఏటా నన్ను గొట్టంతో చూస్తూనే ఉంది. ఆ తిరుపతి గోల జరిగిన మరుసటి ఏడు మా ఊరికి డబ్బాలతో వచ్చినప్పుడు మాత్రం ఎవరినీ బతిమాలలేదు. అందరికంటే ముందు మా అత్త పసుపుదారం డబ్బాను పైట కింద దాచుకుని, ఊరి వీధి పొడుగునా నడిచి వచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇదో తల్లీ, అచ్చంగా నాదే. ఆ మునెమ్మను మాత్రం దగ్గరికి రానీబాకు."

కనుక ఏడుకొండలవాడి సాక్షిగా మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇరుగుపొరుగుకు ఉప్పు ఇస్తాను, చింతపండు ఇస్తాను, అడిగితే కట్టుకున్న చీరైనా ఇస్తాను. అది మాత్రం ఈ జన్మలో ఎవరికీ చేబదులు ఇవ్వను.