ఇసుకదొందులకు వేసిన పరుపు

మొన్న మా మనవరాలు చేపల తొట్టి కొనుక్కుని, అడుగున పరవడానికి కంపెనీ ఇసుక ప్యాకెట్టొకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టి, దీన్ని కడగక్కర్లేదు నాయనమ్మా, నేరుగా పోసేయడమే అంది. మూల కత్తిరించి గుప్పెట్లోకి తీసుకుంటే తెల్లగా, మెత్తగా జారిపోతోంది గానీ ఎంతసేపు చూసినా ఏ వాసనా లేదు. ఇసుకకి వాసనేమిటని మీరు నవ్వుతారేమో, గోదారి గట్టున కాపురం చేసిన నా ఈడువాళ్ళు మాత్రం నవ్వరు. నేనలాగే కూర్చుండిపోతే పిల్ల కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

మా వారు హైస్కూల్లో సైన్సు మేష్టారు. పుట్టి పెరిగింది రాజమండ్రికి ఎగువన ఏటి ఒడ్డునున్న పల్లెలో, ఉద్యోగమూ కాపురమూ రాజమండ్రిలో. పేకాట లేదు, సిగరెట్టు లేదు, ఉన్న పిచ్చల్లా చేపల తొట్టి. పోనీ అందరిలాగా బంగారు చేపలు పెంచారా అంటే అదీ కాదు, ఇసుకదొందులు పెంచారు! మన వైపు ఇసుకదొందులంటే పులుసు పెట్టుకునే చేపలే కదండీ. ఒంటి రంగూ ఇసుక రంగే, పడుకున్నప్పుడు ఒళ్ళంతా ఇసుకలో కూరుకుపోయి కళ్ళు మాత్రం బయట పెట్టుకుంటాయి. పులుసులోకి వెళ్ళాల్సినవాటికి పరుపులు వెయ్యడమేమిటండీ అని నేను దెప్పిపొడిస్తే, పరుపు బాగుంటేనే దానికి నిద్రోయ్, నీకైనా అంతే కదా అని నవ్వేవారు.

ఆ పరుపు కోసం ఆయన పడిన తాపత్రయం నా పెళ్ళప్పుడు మా నాన్న కూడా పడి ఉండరు. ఒకసారి అంతర్వేది వెళ్ళినప్పుడు సముద్రపు ఇసుక ముచ్చటగా ఉందని నేను మూటగట్టి తెస్తే, చిటికెడు తీసి దాని మీద నిమ్మకాయ పిండి, సన్నగా నురగ రావడం చూపించి, ఇందులో గవ్వల పొడి ఉంది, తొట్టిలో నీళ్ళ గుణం మార్చేస్తుంది అని మొత్తం పెరట్లో పోయించారు. గోదారి ఇసుకే కావాలి. అందులోనూ గరుకుది పనికిరాదు, చేపల ఒళ్ళు గీరుకుంటుంది, మరీ దుమ్ములాంటిదీ పనికిరాదు, అడుగున గట్టిపడిపోతుంది. వరద తీశాక ఏటి నడుమ లంక అంచున ఏరు కొత్తగా పోసి వెళ్ళిన మేట ఉంటుంది చూడండి, ఆ మేటలో పైపొర కావాలి ఆయనకి. అది తెచ్చి నా పిండి జల్లెడతోనే జల్లించి (ఆ తరువాత ఆ జల్లెడ నాకెందుకు పనికొస్తుంది!), నీళ్ళు తేటపడేదాకా బకెట్లో కడిగి, రెండు వేళ్ళ మందాన పరిచేవారు. వారం వారం చెంచా కాడతో మెల్లగా కెలికేవారు, పైన చేరిన మురికిని రబ్బరు గొట్టంతో ఇసుక లేవకుండా లాగేవారు. అలా చెయ్యకపోతే అడుగు నల్లబడి, కుళ్ళిన గుడ్డు వాసనతో బుడగలు లేస్తాయట, ఆ గాలికి చేపలు చచ్చిపోతాయట.

అలా చాలా ఏళ్ళు గడిచాక ఏట్లోకి యంత్రాలు దిగాయి. అంతకుముందు ర్యాంపుల్లో, అంటే ఇసుక బళ్ళు ఏట్లోకి దిగే రేవుల్లో, మనుషులు పారలతో తీసి తట్టలతో ఎత్తేవారు. ఇప్పుడు పగలంతా ఇనుప చేతులు తవ్వుతూనే ఉన్నాయి, గట్టు మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. ఆ ఏడాది తెచ్చిన ఇసుకలో దొందులు దూరలేదు. పైన పైనే పడుకున్నాయి, ఆ తరువాత అద్దం మూలకి చేరి ఒకదాని మీద ఒకటి పడి కదలకుండా ఉండిపోయాయి. ఎంత కెలికినా అడుగు నల్లబడడం ఆగలేదు. మా వారు ఇసుక గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసి, డీజిలు వాసనొస్తోందోయ్ అన్నారు. రోజూ బడినుంచి రాగానే చొక్కా అయినా విప్పకుండా తొట్టి ముందు కూర్చునేవారు. ఒక్కొక్క చేపే తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలేది. పేపర్లో చూస్తే స్నానానికి దిగి గోతుల్లో పడి పోయినవాళ్ళ వార్తలు. కొట్లో దొరికే రంగు గులకరాళ్ళు వేసుకోండి, ఇంక ఆ ఏటి జోలికి వెళ్ళకండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను.

నా గోదారి నాకు తెలీదా అన్నారు ఆయన.

ఈ మాట ఏటి ఒడ్డున పుట్టినవాళ్ళందరి నోటా ఉండేదే. నీళ్ళు పచ్చగా ఉంటే లోతనీ, ఇసుక రంగులో ఉంటే మోకాలి బంటి అనీ ఉగ్గుపాలతో నేర్చుకుంటారు, ఇక ఆ చూపుని జన్మలో అనుమానించరు.

మాఘమాసంలో ఒక ఆదివారం పట్టపగలు, వాళ్ళ పల్లె దగ్గర లంకకి ఆయనా మా మరిదీ బయలుదేరితే, నేనూ వస్తానని మొండికేసి వెంట వెళ్ళాను. ఎదురుగా, చిన్న పాయకి అవతల, ఎవరూ తొక్కని మేట మెరుస్తోంది. మధ్యలో నీళ్ళు ఇసుక రంగులోనే ఉన్నాయి. ఎగువనెక్కడో యంత్రాల చప్పుడు వినబడుతోంది, ఒక్క కొంగ కూడా లేదు. ఆయన పంచె ఎగ్గట్టి బకెట్టు పట్టుకుని దిగుతూ, నా వైపు తిరిగి, మోకాలి లోతేనోయ్ అంటూనే లేరు. బకెట్టు ఒక్కటే తేలుతోంది.

ఏమండీ అని నేను పెట్టిన కేక నాకే వినబడలేదు. ఆయన పైకి లేచారు, ఈతగాడే కదా, గట్టందుకున్నారు. అందుకున్నచోటల్లా ఇసుక విరిగి ఆయన మీదే పడుతోంది, మళ్ళీ మునుగుతున్నారు. యంత్రం నిలువుగా తవ్వి వదిలేసిన గొయ్యి అది. ఎగువన తవ్వే చోట రేగిన ఒండు కొట్టుకొచ్చి, అంత లోతు నీళ్ళకీ మోకాలి లోతు రంగు పూసింది. మా మరిది ఇసుక మీద బోర్లా పడుకుని తలగుడ్డ విప్పి విసిరాడు. నేను మా మరిది కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగుతూ ఏ దేవుడికి మొక్కానో నాకే తెలీదు. చివరికి ఒడ్డున పడ్డాక ఆయన ముక్కునుంచీ నోటినుంచీ ఇసుక నీళ్ళే వచ్చాయి. ఆ పాయ వైపే చూస్తూ, ఇక్కడే ఈత నేర్చుకున్నానోయ్ అన్నారు.

తొట్టి ఎవరికో ఇచ్చేశారు. ఆ తరువాత ఏటివైపు వెళ్ళడమే మానేశారు. పుష్కరాలకి లోకమంతా మా ఊరొచ్చి మునకలు వేస్తుంటే, ఆయన కాళ్ళనొప్పులని చెప్పి ఇంట్లో కుళాయి నీళ్ళు పోసుకున్నారు. నేనూ కాళ్ళనొప్పులనే అందరికీ చెప్పాను.

పోయినేడు ఆయన మంచం మీదే, అందరి మధ్యా, నిద్రలోనే దాటిపోయారు. అస్థికలు కలపడానికి రేవుకి వెళ్ళాం. ఎక్కడెక్కడినుంచో రైళ్ళెక్కి వచ్చినవాళ్ళు తమ వాళ్ళ కుండలు పట్టుకుని వరసగా నీళ్ళలోకి దిగుతున్నారు. పంతులుగారు మా అబ్బాయితో, ఇంకొంచెం దిగండి బాబూ, మోకాళ్ళ దాకానే, ఏం పర్వాలేదు అన్నారు. నీళ్ళు ఇసుక రంగులో ఉన్నాయి. దిగొద్దురా అని అంతమందిలో అరిచి, వాడి చొక్కా వెనకనుంచి పట్టుకున్నాను. వాడికి విషయం తెలుసు, మారు మాట్లాడకుండా పొడి మెట్టు మీదే కూర్చుని, చెయ్యి చాపి కుండ వంచాడు. పరాయి ఊళ్ళవాళ్ళు నడుముదాకా దిగి చేసుకుంటున్న పని, ఆ ఏటి బిడ్డకి మెట్టు మీదనుంచి జరిగింది. ఆయన పోయిన రోజు కూడా నేను అంతగా ఏడవలేదు.