పుట్టింటి సిమెంటు

ఆడపడుచులకి పుట్టింటి నించి చీర, పసుపు, కుంకుమ వస్తాయి. మా అమ్మకి ఒక ఏడాది లారీ వచ్చింది.

మా మావయ్యది కృష్ణ అవతల సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. "ఈసారి సారె ఏం పంపమంటావక్కా?" అని ఫోన్లో అడిగేడు. అప్పటికి ఎదురింటివాళ్ళు వాకిలంతా సిమెంటు చేయించి, చెప్పులు విప్పి మరీ నడుస్తున్నారు. ఇంకేముంది, "సిమెంటు పంపరా" అంది అమ్మ. వచ్చిన బస్తాలకి బొట్టు కూడా పెట్టింది. హారతిద్దామా అన్నాను. వీపు మీద ఒకటి పడింది.

వాకిలంతా పోసినా సిమెంటు మిగిలింది. పక్కింటాయన మొహమాటపడుతూ అడిగేరు. "పుట్టింటి సారె పరాయివాళ్ళకి ఎలా ఇస్తామండీ?" అంది అమ్మ. దాంతో నూతి చుట్టూ, పశువులపాక దారి, ఆఖరికి నూతి పక్కనున్న కొబ్బరిచెట్టు మొదలు దాకా పోయించింది.

"చెట్టు మొదట్లో కాస్త ఖాళీ వదులుదామండీ" అన్నాడు తాపీమేస్త్రి.

"వదిలితే మిగిలిపోదూ?"

ఆ చెట్టు మా మామ్మది. కాపరానికొచ్చిన కొత్తలో తనే పాతుకుంది. వేరే చెట్టు బొండాం ఇస్తే రుచి చూసి, మర్యాదగా పక్కన పెట్టేసేది.

వానలు వెళ్ళేక చెట్టు పిందెలు రాల్చడం మొదలెట్టింది. మామ్మ రోజూ వాటిని చేటలోకి ఏరి, సరిగ్గా అమ్మ కంటపడేలా అరుగు మీద పెట్టేది.

"చెట్టుకి ఊపిరాడ్డం లేదే అమ్మాయ్. పగలగొట్టించు."

"మా తమ్ముడి సారె మీద గడ్డపార వేయిస్తారా అత్తయ్యగారూ?"

నాన్నగారు ఇద్దరికీ సరేనన్నట్టు "ఆయ్" అని పేపరు తిరగేసేవారు. మా ఇంట్లో న్యాయం అంతవరకే దొరికేది.

వేసవికి మావయ్య దగ్గుకుంటూ దిగేడు. ఏటా ఆ చెట్టుకింద చాప వేసుకుని పడుకోడానికే వచ్చేవాడు. వాళ్ళ క్వార్టర్ల దగ్గర చెట్లన్నీ బూడిదరంగే, తెల్లచొక్కా ఆరేస్తే సాయంత్రానికి అదీ అదే రంగు. సున్నపురాయి కోసం రోజూ పేల్చి పేల్చి వెనకాల కొండని సగం చేసేరట.

వచ్చీరాగానే చాప పరిచి, నడుం వాల్చి, వెంటనే లేచేడు. కింద సిమెంటు పెనంలా కాలుతోంది.

"ఏవిటక్కా ఇది, అచ్చం మా క్వార్టర్సే!"

మామ్మ చేట తెచ్చి ముందు పెట్టింది. పిందెల్ని చూసేడు, చెట్టు వంక చూసేడు, గడ్డపార ఎక్కడుందిరా అని నన్నడిగేడు.

"ఒరేయ్, అది పుట్టింటి సారెరా!" అమ్మకి కళ్ళనీళ్ళు తిరిగేయి.

"సారె కాదక్కా, మా కొండ. అక్కడుండాల్సింది ఇక్కడికొచ్చి అత్తయ్యగారి చెట్టు పీక నొక్కుతోంది."

అందరం కదిలిపోయేం. ఆ ఊపులో వేసిన మొదటి దెబ్బకి గడ్డపార జారి మావయ్య బొటనవేలి మీద పడింది. సిమెంటుకి గీత కూడా పడలేదు.

"గట్టి సిమెంటే మావయ్యా" అన్నాను.

"మరి, మా ఫ్యాక్టరీది" అన్నాడు, కుంటుతూనే, గర్వంగా.

మిగతాది నాచేత కొట్టించేరు. అమ్మ కాస్సేపు ముక్కు చీది, తర్వాత పెచ్చులన్నీ ఏరించి పశువులపాక వెనక బురదలో అడుగులేసుకోడానికి పరిపించింది. ఒక్క ముక్క కూడా ఇల్లు దాటలేదు.

ఆ మరుసటేడు చెట్టు మళ్ళీ గెల నిలుపుకుంది. మామ్మ ఆ చెట్టు కాయనే మొలకెత్తించి, తర్వాతి వేసవికొచ్చిన మావయ్య చంకలో పెట్టి బస్సెక్కించింది. దాన్ని క్వార్టరు ముందు పాతేడు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా తమ్ముడి దగ్గు కంటే ముందు దాని సంగతే అడిగేది.

"మొక్క ఎలా ఉందిరా?"

"పొద్దున్నే ఆకులు కడిగేనక్కా, పచ్చగా ఉంది. సాయంత్రం మళ్ళీ కడగాలి."