నన్ను కొట్టని స్విచ్చి

ఇన్నేళ్ళూ ఈ మాటను ఎట్లా మోశానో నాకే ఆశ్చర్యం. బిందె అయితే ఈ చంకలోంచి ఆ చంకకు మార్చుకుంటాం. మూట అయితే ఏ అరుగు మీదో దించి ఊపిరి పీల్చుకుంటాం. మాటను ఎక్కడ దించుతాం? దించడానికి వినేవాళ్ళు కావాలి. విన్నవాళ్ళు నోరు మూసుకోవాలి. మా బంధువుల్లో ఆ రకం మనిషి ఇంతవరకు పుట్టలేదు.

అందుకే మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. తెలిసినవాళ్ళయితే సగంలోనే ‘పోనీలే, ఎప్పటి సంగతో’ అంటారు. ఆ ‘పోనీలే’ నాకు వద్దు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నేను కళ్ళనీళ్ళు పెట్టుకుని రాయడం లేదు. ఈ కథలో నేను గెలిచాను. వీధి వీధంతా వచ్చి చూసేలా గెలిచాను. ఆ గెలుపు తలచుకుంటే ఇప్పటికీ మనసు పాలలా పొంగుతుంది. పొంగినప్పుడల్లా అడుగంటిన వాసన కూడా వస్తుంది.

మాది చిత్తూరు. పెళ్ళయి తిరుపతి వచ్చాను. మా మామకు ఇత్తడి పాత్రల అంగడి ఉండేది. ఇల్లు పాత వీధిలో, మట్టిగోడల మిద్దె. మా పక్కన పెంకుటిల్లు, ఎదురుగా సిమెంటు డాబా, రైలుగేటు అవతల కొత్త కాలనీలో అయితే వైర్లన్నీ గోడల లోపల గొట్టాల్లో దాచి కట్టిన ఇళ్ళు. డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న రోజులు. ఆ కాలనీ ఆడవాళ్ళు మూడు కన్నాల ప్లగ్గులో వైరు గుచ్చి, స్విచ్చి వేసి, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే పిండి దానంతటదే రుబ్బుకుంటోందని విన్నాను. నేను మాత్రం పెద్ద సంసారానికంతా ఇడ్లీపిండి రుబ్బురోట్లో తిప్పుతున్నాను. సాయంత్రానికి కుడిచెయ్యి జడ వేసుకోవడానికి కూడా పైకి లేచేది కాదు.

మా వీధిలో మొట్టమొదట కరెంటు వచ్చింది మా ఇంటికేనట. రాయవేలూరు నుంచి మేస్త్రి వచ్చి, టేకు పట్టీల లోపల వైర్లు పరిచి, పైన మళ్ళీ పట్టీలు బిగించి వెళ్ళాడు. మా మామకు అది వైరింగు కాదు, వంశగౌరవం. వంటింట్లో ఒక గుడ్డి బల్బు పెట్టి, ఆడవాళ్ళకు అదే ఎక్కువనుకున్నాడు ఆ మేస్త్రి. గ్రైండరు కోసం ప్లగ్గు కావాలని నేను అడిగినప్పుడల్లా మామ ఆ పట్టీల వైపు వేలు చూపించేవాడు.

“రాయవేలూరు మేస్త్రి చేసిన పనమ్మా ఇది. నేనుండేదాకా దీన్ని పెరికేదానికి లేదు.”

ఇక మునిరత్నం. మా వీధి ఇళ్ళన్నిటికీ కరెంటు పని అతనిదే. నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, చెవి మీద సగం కాల్చిన బీడీ. మనిషి రాకముందే అతని గొప్పలు వచ్చేవి. చివరి స్క్రూ బిగించగానే లేచి నిలబడి, ఇంటిల్లిపాదికీ వినపడేలా ఒకే డప్పు కొట్టేవాడు. “నేను చెయ్యి పెట్టిన స్విచ్చి ఎవురినన్నా కొట్టిందంటే, ఆ వీధిలో ఇంగ కాలు పెడితే ఒట్టు!” వీధి పిల్లలు ఆ మాటను అతని గొంతుతోనే అని నవ్వుకునేవారు. నేనూ నవ్వాను. ఆ ఒట్టు సంగతి నాకు బాగా తెలుసు. ఇది మీరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తెలియక చేశానని తర్వాత నేను తప్పించుకోకూడదు.

ఒకరోజు వంటింటి స్విచ్చి పాడైతే మునిరత్నం వచ్చి కొత్తది వేశాడు. వేస్తూ వేస్తూ ఒక పట్టీ విప్పి లోపలికి చూశాడు. చూసి, నడవలో కూర్చున్న మామ దగ్గరికి వెళ్ళాడు.

“సామీ, లోపల రబ్బరంతా పొడి అయిపోయిండాది. ఇల్లంతా మార్చాల. లేదంటే ఎప్పుడో ఒకనాడు కర్పూరం మాదిరి అంటుకుంటాది.”

“పని కావాలంటే పని అడుగప్పా, నా ఇంటికి శాపనార్థాలు పెట్టొద్దు” అని మామ నవ్వేశాడు. తలుపు వెనక నేనున్నాను. ఆ మాట విన్నది మామ, నేను. మూడో మనిషి లేడు.

అది జరిగిన వారంలోనే, ఒక ఉదయం. నా చేతులు పిండితో తడిగా ఉన్నాయి. స్విచ్చి వేశాను. బల్బు వెలిగింది. ఏమీ కాలేదు. ఆ వెలుగులో రుబ్బురోలు కనిపించింది, పక్కన గిన్నెలో ఇంకా రుబ్బాల్సిన పప్పు కనిపించింది. అప్పుడు ఎందుకు అరిచానో నాకే తెలియదు.

కాదు. చూశారా, ఇక్కడ కూడా అబద్ధం రాయబోయాను. ఎందుకు అరిచానో నాకు బాగా తెలుసు. కెవ్వున అరిచి, వెనక్కి, దెబ్బ తగలకుండా చూసుకుని మరీ పడ్డాను.

“గంగమ్మ తల్లీ! నా కోడల్ని కరెంటు పట్టుకుండాది!” అని మా అత్త వీధిలోకి పరుగెత్తింది. ఇల్లు నిండిపోయింది. ఒకామె నా అరికాళ్ళు రుద్దింది, ఇంకొకామె ఉల్లిపాయ వాసన చూపించింది. మామ ముఖం పాలిపోయింది. పెద్దాయనను అట్లా ఎన్నడూ చూడలేదు. ఒక్క క్షణం జాలేసింది. ఆ క్షణంలోనే నవ్వు కూడా వచ్చింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను. నొప్పి అనుకున్నారు.

మునిరత్నాన్ని పిలిపించారు. అతను స్విచ్చి మూత విప్పాడు, టెస్టు బల్బు పెట్టి చూశాడు, మూత బిగించాడు. తర్వాత చెంబులో చెయ్యి ముంచి, ఆ తడిచేతిని అందరి ముందూ స్విచ్చి మీద పెట్టాడు. వేశాడు, తీశాడు, వేశాడు.

“సూడండి సామీ. యాడ కొడతాండాది?”

“అయితే నా కోడలు అబద్ధం చెప్తాందా?” అన్నాడు మామ.

మునిరత్నం నా వైపు తిరిగాడు. గొప్పలన్నీ ఆ ముఖంలోంచి దిగిపోయాయి. అడిగిన తీరులో కోపం లేదు. నిజం తెలుసుకోవాలనే అడిగాడు.

“నిజంగా కొట్టిందామ్మా?”

నేను అప్పుడు ‘ఏమో, భయపడినానేమో’ అనవచ్చు. ఎవరూ నన్ను ఏమీ అనేవారు కాదు. ఆడపిల్ల, తడిచేతులు, భయం. సరిపోయేది. ప్లగ్గు మాత్రం వచ్చేది కాదు.

“కొట్టింది” అన్నాను.

అతను స్క్రూడ్రైవరు, పటకారు గుడ్డసంచిలో వేసుకుని మెట్లు దిగాడు. ఒట్టు మాట ఎవరూ ఎత్తలేదు, తానే నిలబెట్టుకున్నాడు. గొప్పలు చెప్పుకునే మనిషి మాటకు కట్టుబడతాడని నేను అనుకోలేదు. అనుకోలేదా? లేక అనుకుని కూడా అన్నానా? ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసార్లు నిలబడిపోయాను. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. ఏ జవాబు వచ్చినా ఆ మనిషి మెట్లు దిగుతూనే ఉంటాడు.

నాలుగు రోజులు తిరక్కుండానే కొత్త కాలనీ నుంచి వేరే పనివాళ్ళు వచ్చారు. మామ దగ్గరుండి పట్టీలు పెరికించాడు. పూజగది వెనక గోడ మీది పట్టీ విప్పేసరికి అందరం నోళ్ళు తెరిచాం. లోపల టేకు నల్లగా కాలి ఉంది. వైరు మీద రబ్బరన్నదే లేదు, రాగితీగ బయటికి మెరుస్తోంది. మా అత్త అక్కడే నాకు దిష్టి తీసింది. “నిన్ను కొట్టి ఇల్లు కాపాడింది తల్లి” అంది. ఇల్లు నిజంగానే కాలబోయిందండీ! నా దొంగ కేక లేకపోతే ఆ పట్టీని ఎవరూ విప్పేవారు కాదు. ఆ మాట నేను ఎవరి ముందైనా తలెత్తి చెబుతాను.

తర్వాత వచ్చిన రోజులు ఏం రోజులు! వంటింట్లో ట్యూబులైటు, మూడు కన్నాల ప్లగ్గు, ప్రతి గదికీ ఫ్యాను. పెరట్లో షాకు కొట్టకుండా ఎర్త్ కోసమని గుంత తవ్వి ఉప్పు, బొగ్గులు పోస్తుంటే, ఇదేదో శాంతి అనుకుని మా అత్త పసుపు కుంకుమ కూడా వేసింది. కోయంబత్తూరు గ్రైండరు దిగిన రోజు వీధిలోని కోడళ్ళందరూ మా వంటింట్లో కిక్కిరిశారు. నేను స్విచ్చి వేశాను. రాయి గుర్రుమని తిరిగింది. ఒకామె చప్పట్లు కొట్టింది. ఆ ఏడాదే పెంకుటింటి వాళ్ళు మార్చుకున్నారు, డాబా వాళ్ళు మార్చుకున్నారు, వీధి చివర సత్రం కూడా మార్చుకుంది. వీధిలో రుబ్బురోళ్ళన్నీ పెరళ్ళలోకి పోయి కోళ్ళకు నీళ్ళతొట్లయ్యాయి. అది నా గెలుపే. ఎవరికీ ఇవ్వను.

కానీ ఆ కాలిన పట్టీని మామ అరుగు మీద పెట్టి, వచ్చిన వాళ్ళకల్లా చూపించేవాడు. “నెల నెలా మా ఇంటికి వస్తాండె గదప్పా ఆ మునిరత్నం, ఒక్క మాటన్నా చెప్పినాడా?” మామ అబద్ధమాడాడా, నిజంగానే మరిచిపోయాడా? ఆ విచారణ చేసే అర్హత నాకుందా? అతను చెప్పాడని నాకు తెలుసు. తలుపు వెనక అప్పుడు నిలబడ్డాను, ఇప్పుడూ తలుపు వెనకే నిలబడ్డాను. వీధిలో మునిరత్నం పేరు పోయింది. పక్క వీధుల్లో కూడా పిలవడం మానేశారు.

మరుసటి ఏడు గంగమ్మ జాతర వచ్చింది. మా ఊళ్ళో ఆ జాతరకు తోటి వేషం కడతారు. ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, వేపాకు చుట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి నోటికొచ్చినట్టు తిట్టవచ్చు. ఎంత పచ్చిగా తిట్టినా ఎవరూ తప్పు పట్టరు, తల్లి దీవెన అనుకుంటారు. మధ్యాహ్నం ఒక వేషం మా గుమ్మం ముందు ఆగింది. నడకలోనే పోల్చుకున్నాను. వేషంలో ఉన్నవాడికి సొంత ఒట్టు అడ్డం రాదు కదా, వచ్చాడు. నేను తలవంచుకుని నిలబడ్డాను. తిట్టాలి. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో! లోపల గ్రైండరు తిరుగుతోంది. అతను కాసేపు ఆ చప్పుడు విన్నాడు.

“ఎర్త్ ఏసినారామ్మా?”

తలూపాను.

“అయితే ఇంగ కొట్టదులే” అని, పక్కింటి గుమ్మం ముందుకు వెళ్ళి వాళ్ళ ఏడు తరాలనూ కడిగి ఆరేశాడు. వాళ్ళు దండాలు పెట్టారు. మా ఇంటికి మాత్రం ఒక్క తిట్టు కూడా దక్కలేదు.

తర్వాత అతను పాకాల వెళ్ళిపోయాడు, మోటార్లు చుట్టే అంగడి పెట్టాడు, బాగా నడిచిందట. విని మనసు తేలికపడిందని రాయబోయి ఆగాను. అతను బాగుపడితే నా తప్పు చిన్నదవుతుందా? నేను పుట్టింటికి వెళ్ళే రైలు పాకాలలో ఆగేది. ఆగిన ప్రతిసారీ దిగుదామనుకున్నాను. దిగలేదు. కిటికీలోంచి వడలు కొనుక్కున్నాను. ఇప్పుడు దిగినా వినడానికి మునిరత్నం లేడు.

క్షమించేవాళ్ళు లేరు, క్షమించమని మిమ్మల్ని అడగను కూడా. కానీ ఈ కాగితం మీద ఇంతవరకు వచ్చేసరికి, ఆనాడు మొదటిసారి గ్రైండరు తిరిగినప్పుడు భుజం ఎంత తేలికైందో అంత తేలిగ్గా ఉంది. ఇక ఆ ఒక్క మాట మిగిలింది. అది మీతో కాదు.

మునిరత్నం అన్నా. నువ్వున్నన్నాళ్ళూ నిన్ను ఈ వరసతో పిలవలేదు. ఆ రోజు అందరి ముందూ నన్ను ఒక మాట అడిగినావు. ఇప్పుడు అందరి ముందే చెప్తాండాను, విను.

కొట్టలేదన్నా. నువ్వు చెయ్యి పెట్టిన స్విచ్చి ఎవురినీ కొట్టలేదు.