ఇది నా పని కాదు, తమ్ముడూ

నావి కాని జీడిపప్పు డబ్బాలకు నా మీద అమ్మకం పన్ను వేశారు. కట్టకపోతే పలాసలోని నా చిన్న ఫ్యాక్టరీకి తాళం వేస్తామని నోటీసు పంపారు. ఆ సరుకు నాది కాదని మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఇన్నేళ్లయినా తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఈ ఉదయం పక్కవీధిలో జీడిపిక్కలు కాలుస్తున్నారు. ఆ ఘాటు పొగ కిటికీలోంచి వచ్చి గొంతు పట్టుకోగానే టెక్కలిలో ఉండే సరోజనమ్మగారు గుర్తొచ్చారు. మొదటిసారి నేను ఆవిడ గది గుమ్మంలో నిలబడినప్పుడు నా చొక్కాకి ఇదే వాసన. ఆవిడ తల ఎత్తకుండానే "పలాస నుంచేనా? కూర్చో తమ్ముడూ" అన్నారు. తన మామగారి దగ్గర కాగితాలు రాసిపెడుతూ పని నేర్చుకుని, పరీక్ష రాసి, ఆయన తర్వాత అమ్మకం పన్ను ప్రాక్టీషనరుగా ఆయన కుర్చీలోనే కూర్చున్న మనిషి. వ్యాపారుల రిటర్నులు వేయడం ఆవిడ పని.

అవి తొంభైల చివరి రోజులు. మా చుట్టుపక్కల ఉద్దానం తోటల రైతులు తమ జీడిపిక్కలు తెచ్చి మాకిచ్చేవారు. మేము కాల్చి, కొట్టించి, పొట్టు తీయించి, పప్పు డబ్బాల్లో పోసి వాళ్లకే తిరిగిచ్చేవాళ్లం. మాకు దక్కేది కూలి. ఆ డబ్బాలు లారీ ఎక్కాలంటే దారిలో చెక్‌పోస్టువాళ్లకు చూపించడానికి కాగితం ఉండాలి. రైతు దగ్గర బిల్లు పుస్తకం ఎక్కడిది? మా పుస్తకంలోంచే ఒకటి రాసి చింపి ఇచ్చేవాళ్లం. అడిగిన మనిషికి చీటీ ఇవ్వకపోతే పలాసలో అమర్యాద. ఆ మర్యాదే నా మెడకు చుట్టుకుంది. నా పేరున్న ప్రతి బిల్లూ నా అమ్మకమేనని పన్ను ఆఫీసువాళ్లు తేల్చేశారు.

మా బావమరిది అప్పలస్వామి ధైర్యం చెప్పాడు. "ఎందుకు బావా బెంగ? ఆపీసు బయట టైపు మిషనెట్టుకున్నోడు ఉన్నాడు. లోపలోళ్లందరూ ఆడికి తెలుసు. నువ్వు సంతకం ఎట్టు, మిగతాది ఆడు సూసుకుంటాడు" అని నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. ఆ టైపు ఆయన చకచకా ఇంగ్లీషులో ఒక అప్పీలు కాగితం కొట్టి ఇచ్చాడు. దానికి స్టాంపు అంటించాలో అక్కర్లేదో అడగడానికే నేను సరోజనమ్మగారి దగ్గరకు వెళ్లింది.

ఆవిడ కాగితం చూసి, "ఇది చదివేవా తమ్ముడూ?" అన్నారు.

"టైపు చేసినాయన చెప్పేడమ్మా, ఇందులో..."

"ఆయన చెప్పింది కాదు. నువ్వు చదివేవా?"

ఐదో తరగతితో బడి మానేసి, నిఘంటువు ముందేసుకుని సొంతంగా ఇంగ్లీషు నేర్చుకున్నానని ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి. ఆ కాగితం మాత్రం చదవలేదు. ఆవిడ వేలు పెట్టిన వాక్యం కూడబలుక్కుని చదివాను. సరుకు నాదేనని ఒప్పుకుంటున్నాను, దయతో పన్ను తగ్గించండి అని ఉంది! నా చేత్తోనే సంతకం పెట్టబోయాను.

"అయితే మీరే వేయండమ్మా అప్పీలు."

"ఇది నా పని కాదు, తమ్ముడూ. కాగితం మీద అప్పీలు వాదించే అధికారం నాకూ ఉంది. నెలనెలా రిటర్నులంటే కళ్లు మూసుకుని వేస్తాను. ఏడాది లెక్కలు తనిఖీ చేసి సంతకం పెట్టాలంటే ఆడిటరు దగ్గరకి పంపిస్తాను. నీకొచ్చింది లెక్క కాదు, తగువు. సాక్ష్యం చూపించాలి, తాళం పడకుండా ఆపించాలి. రోజూ ఆ పనే చేసే వకీలు కావాలి. విశాఖ వెళ్లు."

నాకు కోపం ముంచుకొచ్చింది. "భయపడుతున్నారా?" అన్నాను, కొంచెం ఎగతాళిగానే.

ఆవిడ నవ్వారు. "భయమే మరి. నేను తడబడితే పోయేది నా కుర్చీ కాదు, నీ ఫ్యాక్టరీ."

లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చారు. "ఆ వకీలు ఇలాంటి తగువు ఇదివరకు చూసేడేమో అడుగు. విచారణకి తానే వస్తాడో ఇంకొకర్ని పంపుతాడో అడుగు. మొదటిరోజే గెలిపిస్తానన్నవాడి దగ్గర మాత్రం కూర్చోకు."

అలా చెప్పి ఊరుకోలేదు. అప్పీలుకి గడువు రెండు వారాలే ఉంది. నా పుస్తకంలో కూలి బిల్లులన్నీ వేరుచేసి, ఏ డబ్బా ఎవరిదో పక్కన రాయించారు. సరుకు తమదేనని ఆ మనుషుల దగ్గర రాతపూర్వకంగా మాట తీసుకురమ్మన్నారు. సైకిలేసుకుని సంతబొమ్మాళి పక్క ఊళ్లన్నీ తిరిగాను. ఒక తోటలో రైతు కడుపు పట్టుకుని నవ్వాడు. "నా పిక్కలకి నువ్వు ఓనరువా మావా? అలగైతే నా తోటకి శిస్తు కూడా నువ్వే కట్టీ!" నవ్వుతూనే వేలిముద్ర వేశాడు.

విశాఖలో ఇద్దరు వకీళ్లను కలిశాను. మొదటాయన గెలిచినట్టే అన్నాడు. లేచి వచ్చేశాను. రెండో ఆయన కాగితాలన్నీ తిరగేసి, "ఇవి ఎవరు సర్దారు? సగం పని అయిపోయింది" అన్నాడు. గెలుస్తామా అని అడిగితే, "వాదిస్తాను" అన్నాడు. ఆయనకే అప్పగించాను.

తర్వాత అమ్మకం పన్ను పోయి వ్యాట్ వచ్చినప్పుడు కూడా సరోజనమ్మగారు అంతే. "కొత్త చట్టం, నేనింకా చదువుతున్నాను, తెలిసేక చెప్తాను" అనేవారు. తెలియదని చెప్పడానికి ఆవిడకు ఎప్పుడూ నామోషీ లేదు. ఆవిడ ఇప్పుడు లేరు. నా బీరువాలో మాత్రం నేటికీ రెండు పుస్తకాలు, అమ్మకానికి ఒకటి, కూలికి ఒకటి. డాక్టరు దగ్గరకెళ్లినా, మేస్త్రీని పిలిచినా, ముందు నేనడిగేది ఒకటే: "ఇది మీరు రోజూ చేసే పనేనా?" కొందరికి కోపం వస్తుంది. రానీ.

అప్పీలు ఉత్తర్వు వచ్చిన రోజు కవరు విప్పకుండానే టెక్కలి బస్సెక్కాను. ఆవిడ చేతికివ్వబోతే తీసుకోలేదు. "నువ్వే చదువు తమ్ముడూ" అన్నారు. నిలబడే చదివాను, ఒక్కో మాట తెలుగులో చెప్పుకుంటూ. నా మూడు ఉత్తరాలకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు చివరి పేరాలో ఉంది:

"సరుకు ఇతరులది. ఇతనిది కూలిపని మాత్రమే. ఇతనిపై వేసిన పన్ను రద్దు చేయడమైనది."