కిందికి చూస్తే కాళ్లు లేవు

కళ్లపెట్టె పెట్టుకోవాలంటే ముందు కొప్పు విప్పాలన్నారు. నా చిరాకు అక్కడే మొదలైంది. తెల్లవారకముందే లేచి, నూనె రాసి, బిగించి చుట్టుకున్న కొప్పు అది. మా ఊరి నుంచి రాయదుర్గం దాకా బస్సులో నిలబడి వచ్చినా చెదరదు. దాని మీదుగా పెట్టె పట్టీ ఎక్కదట. షెడ్డు మధ్యలో, అంతమంది చూస్తుండగా, జుట్టు విరబోసుకుని కుర్చీలో కూర్చోమంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు?

మా చేలో వేరుశనగ వరసగా రెండో ఏడు కూడా ఎండిపోయిన సంవత్సరం అది. రెండువేలు దాటి ఏడో ఎనిమిదో ఏళ్లయి ఉంటుంది. జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డులో హెల్పరుగా చేరి అప్పటికి పది నెలలు. హెల్పరంటే, కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించాలి. నిలబడే కత్తిరించాలి. సాయంత్రానికి పాదాలు పూరీల్లా పొంగేవి. దానికైనా ఓర్చుకోవచ్చు గానీ, గుడ్డ లోడు రాని వారం ముందుగా ఇంటికి పంపేది హెల్పర్లనే. మిషను మీద కూర్చున్నవాళ్ల జోలికి పోరు. చేను చూస్తే అలా ఉంది, ఇక్కడ ఏ వారం పని ఉంటుందో తెలియదు. నాకు మిషను కావాలి. ఆ ఏడు నేను కోరుకున్నది అదొక్కటే.

కుట్టడం రాక కాదు. పామిడిలో మా నాయన, పంట చేతికొచ్చిన ఒక సంవత్సరం, పాత తొక్కుడు మిషను కొనుక్కొచ్చాడు. ఐదో తరగతితో నా చేత బడి మాన్పించారు గానీ మిషను మాన్పించలేదు. పెళ్లయ్యేదాకా మా వీధి ఆడవాళ్ల రవికలన్నీ నేనే కుట్టాను. ఈ సంగతి సూపర్వైజరుకు ఎన్నిసార్లు చెప్పానో!

"తొక్కుడు మిషను వేరే, మోటారు మిషను వేరేమ్మా. ఇది గుర్రం మాదిరి పోతాది. నువ్వు పట్టలేవు. పో, పోయి దారాలు కత్తిరించుకో" అనేవాడు.

సరిగ్గా కొత్త మిషన్లు ఆరు దిగిన వారంలోనే బెంగుళూరు నుంచి కాలేజీవాళ్లు వచ్చారు. చదువుకున్న ఒక అమ్మాయి, ఆమెతో వైర్లూ కంప్యూటరూ చూసుకునే ఒకాయన. కొత్తగా వచ్చే ఆడవాళ్లు అసలు మిషను ముట్టకముందే, గుడ్డ పాడుచేయకుండా, వేలికి సూది గుచ్చుకోకుండా, కళ్లకు తగిలించే పెట్టెలో కనపడే మిషను మీదే కుట్టు నేర్చుకోగలరా అని చూస్తారట. పెట్టుకున్నవాళ్లకు లోపల ఎలా అనిపిస్తుందో అడిగి రాసుకోవడం ఆ అమ్మాయి పని. వర్చువల్ రియాలిటీ అని నాలుగుసార్లు చెప్పింది. మేము కళ్లపెట్టె అన్నాం. చివరికి ఆమె కూడా అదే అన్నది.

మొదటిరోజే అందరినీ కూర్చోబెట్టి, సగం కన్నడం సగం తెలుగులో చెప్పింది. "అక్కా, పరీక్ష మీకు కాదు, ఈ పెట్టెకు. ఇందులో ఏం బాగాలేదో మీరు చెప్పాలి. తప్పు జరిగితే పెట్టెది, మీది కాదు."

షెడ్డులో మమ్మల్ని పుట్టింటి ఊళ్ల పేర్లతోనే పిలిచేవారు. నేను పామిడామెను. నా పక్కన నిలబడి దారాలు కత్తిరించేది యాడికామె. ఆమె నా చెవిలో గొణిగింది.

"మనల్ని కుర్చీలో కూర్చోబెట్టి, పేరు రాసుకోని, గడియారం చూసుకుంటా ఉంటే పరీక్ష పెట్టెకంటనా? ఎవురికి చెప్తాది ఈ పాప?"

"నిజమేమో, చూద్దాం ఉండు."

"నువ్వు నమ్ముతావులే. రేపు వానొస్తాదని రేడియో చెప్పినా నమ్మే దానివి."

నా వంతు వచ్చింది. పెట్టె నీళ్ల చెంబంత బరువుంది. కళ్ల చుట్టూ స్పాంజి, దాని కింద చెమట. లోపల మా షెడ్డు లాంటి షెడ్డే కనపడింది. మిషను, బల్ల, నీలం గుడ్డ. బూడిదరంగు చేతులు రెండు, మణికట్టు దగ్గర తెగిపోయి, గాలిలో తేలుతున్నాయి. నా రెండు చేతులకిచ్చిన కడ్డీలు కదిపితే అవీ కదిలాయి. బాగానే ఉందనుకుని, అలవాటు కొద్దీ కుడికాలు ముందుకు చాపాను. నేల తగిలింది గానీ పెడలు తగల్లేదు. ఎక్కడుందా అని కిందికి చూశాను. పెడలు లేదు. నా కాలూ లేదు. చీర కుచ్చిళ్లు కూడా లేవు. కుర్చీ ఉంది, కుర్చీలో నేను లేను.

"పాపా, నా కాళ్లు ఏమాయె?" అని అరిచాను. షెడ్డంతా నవ్వు.

"కాళ్లు లేవక్కా. కడ్డీ మీద బటను ఉంది కదా, బొటనవేలితో నొక్కండి, మిషను నడుస్తుంది."

కాలు చేసే పని బొటనవేలికి అప్పజెప్పారన్నమాట. చూసేవాళ్లకు కుట్టడం చేతిపనిలా ఉంటుంది. నిజానికి కాలు ఎంత తొక్కితే చేయి అంత గుడ్డ వదులుతుంది, మూల దగ్గర కాలు ఆగితేనే చేయి గుడ్డను తిప్పుతుంది. కాలు లేకపోయేసరికి నా చేతులకు దిక్కు తోచలేదు. కుట్టు పాములా వంకర్లు పోయింది. తల తిప్పితే షెడ్డు ఒక క్షణం ఆలస్యంగా వెనకాల తిరిగి వస్తోంది. కళ్లు తిరిగాయి. అంతలో కరెంటు పోయి మొత్తం చీకటి కమ్మింది. కళ్లే పోయాయేమోనని పెట్టె లాగి పారేశాను. నా బొట్టుబిళ్ల స్పాంజికి అంటుకుపోయింది. నా తర్వాత కూర్చున్న యాడికామె కనుబొమ్మ మీద అది తేలింది.

పెట్టె తీశాక, చదువు రానివాళ్లకు కూడా తెలిసేలా, అమ్మాయి ఐదు మొహాల బొమ్మలు చూపించేది. పెద్ద నవ్వు నుంచి ఏడుపు దాకా. నిజంగా షెడ్డులో ఉన్నట్టు అనిపించిందా? సులువుగా ఉందా? తల తిరిగిందా? ఏ బొమ్మ మీద వేలు పెడితే దానికి టిక్కు పెట్టుకునేది. నేను అన్నింటికీ ఏడుపు మొహమే చూపించాను, ఎందుకో కూడా చెప్పాను. ఆమె రెండు పేజీలు రాసుకుంది. "ఇంకా చెప్పండి అక్కా" అన్నది. ఆ షెడ్డులో ఇంకా చెప్పమని నన్ను అడిగినవాళ్లు అంతవరకు లేరు. నాకు సంతోషమేసింది.

యాడికామె పెట్టె తీసి, పెరట్లోకి పోయి వాంతి చేసుకుని, మూతి కడుక్కుని వచ్చి, అన్నింటికీ పెద్ద నవ్వు బొమ్మ చూపించింది.

"అదేందే, ఇప్పుడే గదా కక్కుకున్నావు?" అన్నాను.

"అంత దూరం నుంచి వచ్చినాది పాపం. మొగం మీద ఏడుపు బొమ్మ యాడ చూపిచ్చేది? అయినా ఎవురన్నా ఏడుపు మొగానికి పాసు మార్కులు ఏస్తారా?"

ఆమె ఒక్కతే కాదు, దాదాపు అందరూ అంతే.

మూడో రోజు వాళ్లు సామాను సర్దుకుంటుంటే, ఆ టిక్కుల కాగితం బల్ల మీద ఉంది. సూపర్వైజరు దాన్ని పైనుంచి కిందికి చదివాడు. నవ్వు బొమ్మలు ఎక్కువున్న ఆరుగురికి ఆరు మిషన్లూ ఇచ్చేశాడు. యాడికామె పేరు అందులో మొదటిది.

నేను ఊరుకోలేదు. "సార్, అది పెట్టెకు పరీక్ష అని ఆ పాప చెప్పినాది. మాకు కాదంట."

"పెట్టెకు పరీక్ష పెట్టేదానికి బెంగుళూరు నుంచి పెట్రోలు పోసుకోని వస్తారామ్మా? నీకు కండ్లు తిరిగినాయి, నువ్వు పనికి రావు. అంతే."

అమ్మాయిని చేయి పట్టుకుని లాక్కొచ్చాను. పాపం, ఆమె కన్నడంలో గట్టిగానే చెప్పింది. ఆయన "హౌదు మేడం, హౌదు" అని తలూపాడు. వాళ్ల కారు గేటు దాటింది, ఆయన ఇచ్చిన మిషన్లు ఇచ్చినట్టే ఉన్నాయి. పోతూ పోతూ అమ్మాయి, "మీరు చెప్పిందంతా రిపోర్టులో రాస్తానక్కా" అన్నది. ఇంగ్లీషు రిపోర్టులో నా కాళ్ల సంగతి ఉంటే నా కాళ్లకు ఏం ఒరుగుతుంది? కత్తెర పట్టుకుని మళ్లీ నిలబడ్డాను.

యాడికామె ఎన్నడూ పెడలు తొక్కి ఎరగదు. మిషను ఆమెను ఈడ్చుకుపోయేది. రెండో రోజు అన్నాల గంటలో నా దగ్గరకు వచ్చింది. "నీ కాళ్లు పట్టుకుంటా, నేర్పీయే." కోపంగానే పోయాను. చెప్పులు విడవమన్నాను. మడమ నేలకు ఆనించి, వేళ్లతోనే నొక్కమన్నాను. పెడలు కింద జీన్సు ముక్క మడిచి పెట్టాను, ఎంత తొక్కినా పూర్తిగా దిగకుండా. నాలుగు రోజుల్లో దారికొచ్చింది. సూపర్వైజరు అంతా చూశాడు. చూసి ఏమన్నాడు? "బాగుండాదే! మిగతా ఐదుగురికి గూడా నేర్పు." నేర్పాను. నేర్పి, వాళ్లు కుట్టిన ప్యాంట్ల దారాలు నిలబడి కత్తిరించాను. ఆ నెలలో లోడు రాక రెండు వారాలు ఇంట్లో కూర్చున్నాను కూడా.

నాలుగు నెలలకు వాళ్లు మళ్లీ వచ్చారు. అప్పటికి ఇంకో రెండు మిషన్లు దిగి, మూలన అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. అమ్మాయి నన్ను చూసి పరుగున వచ్చింది. "అక్కా, మీరు చెప్పిందే చేశాం!" కొప్పు కిందుగా పోయేలా పట్టీ మార్చారు. నేల మీద వైరు తగిలించిన పెడలు పెట్టారు. కూర్చుని కాలు చాపితే ఈసారి తగిలింది. కిందికి చూశాను. కాలు కూడా ఉంది. నల్ల ప్యాంటు, దాని కింద మెరిసే నల్ల బూటు. ఎవరో మగాయన కాలు.

అది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మడమ ఆనడానికి చోటు లేదు, పెడలు కట్టెలా బిగుసుకుని ఉంది, మిషను చప్పుడు కాలి కంటే వెనకబడి వస్తోంది. మళ్లీ కళ్లు తిరిగాయి. నోటి నిండా మాటలున్నాయి.

పెట్టె తీసేసరికి, అమ్మాయి పక్కనే సూపర్వైజరు నిలబడి కాగితంలోకి తొంగి చూస్తున్నాడు. ఆమె కొత్త పేజీ తిప్పి, కలం పట్టుకుని నా నోటి వైపు చూస్తోంది.

నేను పెద్ద నవ్వు బొమ్మ మీద వేలు పెట్టాను.

"నిజంగానా అక్కా?"

"నిజమే పాపా. శానా బాగుండాది."

అన్నింటికీ అదే బొమ్మ. ఆమె టిక్కులు పెట్టుకుంటూ పోయింది. "ఇంకేమైనా చెప్తారా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆ తెల్ల పేజీ అలాగే మూసేసింది. ఆమె మొహం నేను చూడలేదు, కొప్పు సరిచేసుకుంటున్నాను.

సోమవారం నుంచి నాకు మిషను ఇచ్చారు. ఎదురు మిషను నుంచి యాడికామె కేకేసింది. "ఇప్పటికి తెలివొచ్చినాదా నీకు?"

చెప్పులు విడిచి, మడమ ఆనించి, తొక్కాను. ఆ బూటు సంగతి, మడమ సంగతి ఆ అమ్మాయికి ఇంకెవరు చెప్తారు? ఈ మందలో నేనొక్కదాన్నే చెప్పగలిగినదాన్ని. అదే తలచుకుంటూ ఎంత గట్టిగా తొక్కానో, ఆ పూట రెండు సూదులు విరిగాయి.

సూపర్వైజరు వచ్చి, విరిగిన ముక్కలు ఏరి, తల ఊపాడు.

"గుర్రం మాదిరి పోతాదని నేను అప్పుడే చెప్పలా?"